పాత చిత్రమునకు కొత్త ప్రతి

"బొమ్మ ఎట్లున్నది, మామగారూ?" అని మా అల్లుడు అడిగెను.

అతడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నవాడు. ఒక సంక్రాంతి పండుగకు వచ్చుచు నాకొక పెట్టెయు, దానిని ఆడించు యంత్రమును తెచ్చి యిచ్చెను. ఆ పెట్టెలో సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి', 'అపరాజితో', 'అపుర్ సన్సార్' అను మూడు చిత్రములును అల్ట్రా హెచ్.డి. డిస్కులపై నుండెను. మొదటి రాత్రి మొదటి చిత్రము చూచితిమి. ముగిసిన వెంటనే అతడడిగిన ప్రశ్న యది.

ప్రశ్న చిన్నది. "బాగున్నది" అన్నచో సరిపోవును. కాని ముప్పదియైదేండ్లు పిల్లల పరీక్షకాగితములు దిద్దినవానికి కారణము చెప్పకుండ మార్కులు వేయుట చేతకాదు. నేను కారణముతో సహా జవాబు చెప్పితిని. ఆ కారణము తప్పు. దానివలన నేనొక్కడనే నష్టపడియుండినచో ఈ సంగతి రేడియోలో చెప్పవలసిన పని యుండెడిది కాదు. మా యూరి పిల్లలు నష్టపడిరి. కావున చెప్పుచున్నాను.

ఈ చిత్రము నాకు కొత్తది కాదు. 1981లో నేను ప్రాచ్య కళాశాలలో చదువుచున్నప్పుడు, ఆ పట్టణమందలి ఫిల్ము సొసైటీవారు ఒక హాలులో తెల్లని గుడ్డ కట్టి దీనిని చూపిరి. ఆ ప్రతి ఎన్ని యూళ్లు తిరిగినదో గాని, ఆద్యంతము నిలువు గీతలే. నిజముగా వాన కురియు ఘట్టము వచ్చినప్పుడు ఏది వానయో, ఏది గీతయో తెలియలేదు. అయినను దుర్గ ఆ వానలో తడియుచుండగా మా వరుసలోనివారందరును కన్నీరు పెట్టుకొనిరి. కాబట్టి మంచి చిత్రమునకు మంచి బొమ్మ యవసరము లేదనువారు కలరు. నేను వారితో కొంతవరకే ఏకీభవింతును. మాసిన ప్రతిలో కూడ నాటకము నిలుచును. నాటకము కానిది, అనగా వెలుగు, గాలి, ఆకు కదలిక, ముసలిదాని చేతి ముడుత, ఇవి నిలువవు. రాయ్ చిత్రమున ఇవి అలంకారములు కావు, కథలో సగము.

'పథేర్ పాంచాలి' 1955వ సంవత్సరమున విడుదలయ్యెను. విభూతిభూషణ బంద్యోపాధ్యాయుని నవల దానికి మూలము. తీయుటకు పూనుకొన్ననాడు రాయ్ ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర ఇరువదియొక యేండ్ల యువకుడు, అంతకుముందు చలనచిత్రపు కెమెరాను నడిపి యెరుగడు. 1952 అక్టోబరు 27న రెల్లుపూల బయలులో మొదటి దృశ్యము తీసిరి. మరుసటి వారము తిరిగిపోయి చూచుసరికి పశువులు ఆ పూలన్నియు మేసివేసినవి. మరల రెల్లు పూచువరకు వేచియుండి తక్కిన భాగము తీసిరి. అట్టి పూలు, అట్టి వెలుగు ఫిల్ముపై నెట్లు పడినవో చూడగోరువాడు బొమ్మను గూర్చి పట్టుదలగా నుండుట తప్పు కాదు.

ఇక నా తీర్పు సంగతి. ఆ రాత్రి కొన్ని ఘట్టములు స్ఫటికమువలె తేటగా కనబడెను. సర్వజయ కట్టిన ముతకచీర నేత, గోడ మీది పేడ యలుకుడు, వెదురాకుల అంచులు చేతితో తాకినట్లుండెను. అంతలో మరియొక ఘట్టము వచ్చినంతనే బొమ్మ కొంచెము మెత్తబడును, ఆకాశమున చీమలు కదలినట్లు రేణువులు కదలును, నలుపు నలుపుగా నుండక బొగ్గుపొడివలె నుండును. మరల తేటపడును. నేను మా అల్లునితో నిట్లంటిని: "ఇంత వెల పెట్టి కొన్నదానిలో ఇదేమి నిలుకడ లేని పని? ఒకచోట శ్రద్ధ, ఒకచోట అశ్రద్ధ. తుడువవలసిన చుక్కలు తుడువలేదు. ఎవరో పని యెగగొట్టినారు." అతడు మర్యాదస్థుడు గనుక మారుమాటాడలేదు.

మా యూరి గ్రంథాలయమున నెలకొక ఆదివారము పిల్లలకు మంచి చిత్రము చూపు చిన్న సంఘమొకటి కలదు. నడుపువారమందరము ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులమే. ఆ సంవత్సరము 'పథేర్ పాంచాలి' చూపవలెనని నిర్ణయించిరి. నాయొద్ద డిస్కున్నదని తెలిసి అడిగిరి. నేను పెద్ద విమర్శకునివలె తల యాడించి, "అది ప్రదర్శనకు తగదు, చుక్కలెక్కువ" అంటిని. కార్యదర్శి మరియొకచోటి నుండి ఒక ప్రతి సంపాదించెను. ఎవరు చేసినదో పేరు లేదు. బొమ్మ తెర నిండుగా నుండెను, ఒక్క చుక్క లేదు, ఒక్క రేణువు లేదు, పాలరాతివలె నున్నగా నుండెను. సభలో అందరును మెచ్చిరి. అందరికంటె ముందు మెచ్చినవాడను నేనే.

ఒక సంవత్సరము గడచెను. ఆరవ తరగతి చదువు మా మనుమరాలు ఒక సెలవునాడు నా గదిలో కూర్చుండి ఆ డిస్కు పెట్టించుకొని చూచుచుండెను. చెరువు ఘట్టము వచ్చెను. తామరాకుల నడుమ నీటిమీద సన్నకాళ్ల పురుగులు పరుగెత్తును. రవిశంకరుని సితారు వాటితో కలిసి పరుగెత్తును. పిల్ల ఆగి, "తాతయ్యా, ఇక్కడ నీళ్ల మీద పురుగులు నడుస్తున్నాయి. ఆ రోజు లైబ్రరీలో లేవుగా?" అనెను.

లేకపోవుట యేమని నేను నవ్వితిని. పిల్ల పట్టు విడువలేదు. కార్యదర్శి నడిగి ఆ నున్నని ప్రతి తెప్పించి, రెండింటిని ఒకదాని వెంట నొకటి పెట్టి చూచితిని. పిల్ల చెప్పినది నిజము. నీటిపురుగులలో పెద్దవి కొన్ని మిగిలినవి, చిన్నవి మాయమైనవి. కదలు చిన్న నల్లని చుక్క ఏదైనను ధూళియేయని యంత్రమునకు చెప్పి తుడువమన్నచో అది పురుగును గూడ తుడుచును. దానికి తెలుగు రాదు, బెంగాలీ రాదు, చెరువనగా నేమో తెలియదు. అంతటితో పోలేదు. ఇందిర్ ఠాక్రూన్ వేషము ధరించిన చునీబాలా దేవి అప్పటికి ఎనుబదేండ్ల వృద్ధురాలు. ఆమె ముఖమందలి ముడుతలు ఆ చిత్రమునకు సగము ప్రాణము. నున్నని ప్రతిలో ఆమె మైనపు బొమ్మ. రెల్లుపూల కుచ్చులు దూదియుండలు. బొమ్మను తెర నిండునట్లు చేయుటకు మీదను క్రిందను కోసివేసిరి గనుక, నిలిచియున్న దుర్గకు పలుచోట్ల తలకట్టు లేదు. నలువదిమంది పిల్లలకు నేను మెచ్చి చూపించినది ఇది.

అప్పుడు గాని నేను పెట్టెలోని పుస్తకము చదువలేదు. పీఠిక చదువకుండ గ్రంథమును విమర్శించువారిని నా జీవితమున నెందరిని తిట్టితినో లెక్కలేదు.

శ్రోతలకు ఆ కథ కొంత వివరముగా చెప్పవలెను, ఏలయన బొమ్మ గుణమును నిర్ణయించుటకు అదియే కీలకము. రాయ్ 1992 ఏప్రిలులో మరణించెను. ఆ సంవత్సరమే అమెరికాలోని చలనచిత్ర అకాడమీవారు ఆయనకు గౌరవ ఆస్కారు బహూకరించియుండిరి. ఆయన చిత్రముల అసలు నెగటివులు కొన్ని లండనులోని ఒక ఫిల్ము ప్రయోగశాలకు చేరినవి. 1993 జులైలో ఆ ప్రయోగశాల అగ్నికి ఆహుతియయ్యెను. ఈ మూడు చిత్రముల మాతృకలును ఆ మంటలలో జిక్కెను. మిగిలినవి మాడిన అంచులు, కరగి అంటుకొనిన చుట్లు, పెళుసుబారిన తునుకలు. వాటిని చూచినవారెవరైనను పారవేయుడందురు. అకాడమీవారు పారవేయక లాస్ ఏంజెలిస్‌లో భద్రపరచిరి. ఇరువదేండ్లు అవి డబ్బాలలో నుండెను.

తరువాత క్రైటీరియన్ అను ప్రచురణసంస్థవారు ఈ చిత్రములను పునరుద్ధరింపబూని ఆ డబ్బాలు తెరచిరి. కాలిన ఫిల్మును ఇటలీ దేశమున బొలోన్యా నగరమందలి లిమ్మాజినే రిత్రొవాతా అను పునరుద్ధరణశాలకు పంపిరి. అచటి పనివారు ఎండిపోయిన ఫిల్మునకు ఒక ద్రావణముతో మరల చెమ్మ నెక్కించి మెత్తబరచిరి. కరగిన మైనమును, జిగురును, పాత అతుకుపట్టీలను మెల్లగా తీసిరి. యంత్రపు పండ్లు పట్టుకొను ప్రక్క రంధ్రములు చిరిగిపోగా చేతితో కొత్త అంచులు అతికిరి. ఈ చేతిపనికే దాదాపు వేయి గంటలు పట్టినది. ఇంత చేసినను 'పథేర్ పాంచాలి'లో నూటికి నలువది పాళ్లు, 'అపరాజితో'లో అరువది పాళ్లకు పైగా మాత్రమే అసలు నెగటివునుండి గ్రహింప వీలయ్యెను. 'అపుర్ సన్సార్' నెగటివు ఏమియు పనికిరాలేదు. లోపించిన భాగములకై అమెరికా, ఇంగ్లండు దేశములలో భద్రమైయున్న నకలు నెగటివులను, పాజిటివు ప్రతులను వెదకి తెచ్చి అతికిరి. 2015 మే 4న న్యూయార్కు నగరమందలి ఆధునిక కళాప్రదర్శనశాలలో ఈ కొత్త ప్రతిని ప్రదర్శించిరి. అరువది సంవత్సరములకు పూర్వము, 1955 మే 3న, ఆ చిత్రము లోకమునకు మొట్టమొదట కనబడినదియు ఆ శాలలోనే.

ఇది చదివిన పిమ్మట నేను చాలసేపు మాటాడలేదు. నాకు మా గురువుగారు జ్ఞాపకమునకు వచ్చిరి.

నా యిరువదవ యేట ఆయన యొక తాళపత్ర గ్రంథమును నాచేత కాగితముపై నెత్తివ్రాయించిరి. ఒక ఆకు చివర పురుగు తినివేసినది. పద్యములో మూడవ పాదమున ఆరేడక్షరములు లేవు. యతి ఎచట పడవలెనో, ప్రాస యేమో, అర్థము ఎటు పోవుచున్నదో నాకు తెలియును. ఆరేడక్షరములు పూరించుట యెంతపని? పూరించితిని. చక్కగా కుదిరినదని లోలోపల మురిసితిని. గురువుగారు చదివి, "ఈ అక్షరములు ఆకులో ఉన్నవా?" అనిరి. లేవంటిని. ఆయన నా అక్షరములు కొట్టివేసి ఆ చోట చుక్కలు పెట్టి, ప్రక్కన 'గ్రంథపాతము' అని వ్రాసిరి. "నీ పద్యము వేరే కాగితము మీద వ్రాసుకొమ్ము. బాగుగనే యున్నది" అనిరి. ఆ 'బాగుగనే యున్నది' అను మాట నన్ను ఇంకను కుట్టుచున్నది.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలో పండితులను గూర్చుండబెట్టి, ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, పాఠములు సరిచూపించెను. ఒక ప్రతిలో లేనిది వేరొక ప్రతినుండి గ్రహింతురు. ఒక ప్రతి తేట, ఒకటి మసక. ఒక లేఖకుడు పండితుడు, ఒకడు కూలికి వ్రాసినవాడు. అట్లు కూర్చిన గ్రంథమున పద్యమునకు పద్యమునకు స్వచ్ఛతలో తేడా యుండును. దానిని చూచి పరిష్కర్త పని యెగగొట్టినాడని యెవరైన అందురా? నేనంటిని.

ఫిల్ము విషయములోను అంతే. కెమెరాలో తిరిగిన నెగటివు మాతృక. దానినుండి పాజిటివు, పాజిటివునుండి నకలు నెగటివు, దానినుండి హాలుకు పోవు ప్రింటు. ఒక్కొక్క మెట్టు దిగినకొలది సన్నని వివరము కొంత పోవును, రేణువు కొంత పెరుగును, తెలుపు నలుపుల నడుమ నుండు బూడిదఛాయలు కొన్ని కలిసిపోవును. ఎత్తివ్రాతలో లేఖకప్రమాదములు చేరినట్లు. నేను మసక యన్న ఘట్టములు చాలవరకు నకలునుండి వచ్చినవై యుండవలెను. తేట యన్నవి మంటలలోనుండి బయటపడినవి. వాటిని నునుపు చేసి రెండింటిని ఒకటిగా కనబడునట్లు చేయుట కష్టము కాదు. తేటవానిని గూడ మసక చేసిన చాలును. ఆ పని చేయనందుకు వారికి నమస్కరింపవలెను.

రేణువును గూర్చి రెండు మాటలు. తెలుపు నలుపు ఫిల్ముపై బొమ్మ యనగా వెండి. కాంతి సోకిన వెండి లవణము రసాయనములో నల్లని వెండికణముగా మారును. ఆ కణముల గుంపులే మనకు ముఖముగను, ఆకుగను, నీడగను కనబడును. రేణువు బొమ్మ మీద పడిన మురికి కాదు, బొమ్మ దానితోనే చేయబడినది. ధూళియు, గీతయు, మరకయు వేరు. అవి తరువాత పడినవి, తుడువవచ్చును. రెంటికిని భేద మెరిగి తుడుచువాడు పరిష్కర్త. ఎరుగనివాడు చాకలి.

కొత్త డిస్కు గొప్పతనమును చెప్పునప్పుడు అందరును అంకెలు చెప్పుదురు. అల్ట్రా హెచ్.డి. బొమ్మలో నిలువున 2160 వరుసలు, అడ్డముగా 3840 బిందువులు; మొత్తము 82,94,400. పూర్వపు బ్లూరేలో 20,73,600. అనగా నాలుగురెట్లు. ఈ చిత్రము దాదాపు చతురస్రమునకు దగ్గరగా నుండు పాత ఆకారముననున్నది గనుక తెరకు ఇరుప్రక్కల నల్లని పట్టీలు మిగులును. చిత్రము వాడుకొను బిందువులు సుమారు 64 లక్షలు. ఆ పట్టీలను చూచి 'డబ్బు దండుగ' యని బొమ్మను సాగదీయువారు కలరు. మా కార్యదర్శి వారిలో నొకడు. సీసపద్యము పొడవుగా నున్నదని, ఆటవెలది పొట్టిగా నున్నదని, పుటకు సరిపోవునట్లు అక్షరములు చేర్చుటయు తీయుటయు ఉండునా?

మా యింటి టెలివిజను 55 అంగుళములది. దాని వెడల్పు సుమారు 48 అంగుళములు. లెక్క వేసి చూచితిని. మంచి చూపు గలవాడు మూడున్నర అడుగుల దూరమున కూర్చున్నప్పుడు గాని ఆ 3840 బిందువులను విడదీసి చూడలేడు. ఏడడుగులు దాటినచో బ్లూరేకును దీనికిని బిందువుల సంఖ్యలో భేదము కంటికి అందదు. నా పడకకుర్చీ పదునొకండు అడుగుల దూరమున నున్నది, కన్నులకు శుక్లముల శస్త్రచికిత్స జరిగినది. కావున లక్షల బిందువులు నా కొరకు కావు. అయినను కొత్త డిస్కులో తేడా నాకు కనబడుచునే యున్నది. ఎందువలననగా, డిస్కులో చోటెక్కువ. అరువదియారు, నూరు గిగాబైట్ల డిస్కులు కలవు. రేణువు ప్రతి ఫ్రేములోను మారును; సెకనుకు 24 ఫ్రేములు; ఇంత అల్లరిని భద్రపరచుటకు చోటు కావలెను. చోటు చాలనప్పుడు యంత్రము మొదట రేణువును ముద్దచేయును, తరువాత చీకటి మూలలను ముద్దచేయును. అంతర్జాలము ద్వారా వచ్చు బొమ్మలలో చీకటిలో మెట్లు మెట్లుగా గళ్లు కనబడుట అందుచేతనే. 'పథేర్ పాంచాలి'లో గాలివాన రాత్రి, దీపము రెపరెపలాడుచుండ తల్లి జబ్బుపిల్లను కనిపెట్టుకొని యుండు ఘట్టమున నేను తెర మూలలను చూచితిని. నీడ నీడగనే యుండెను.

రెండవసారి శ్రద్ధగా చూచునపుడు నేను పెట్టుకొనిన పరీక్షలు ఇట్టివే. మొదట ముదుసలి ముఖము, తరువాత తెల్లని చీర. తెలుపులో మడతలు కనబడవలెను. తెల్లగా మండిపోయినచో ఛాయలు కోల్పోయినట్లు. అటుపిమ్మట ఆకాశము, అచట రేణువు సన్నగా, ప్రాణముతో కదలవలెను. గడ్డకట్టి నిలిచినచో ఎవరో చేయి చేసుకొన్నట్లు. ఆకుల అంచులకును ఆకాశమునకును నడుమ తెల్లని గీత యున్నచో, బొమ్మను కృత్రిమముగా పదును పెట్టినారని అర్థము. ఈ డిస్కులో నా కంటికి అట్టి గీత యెచటను కనబడలేదు. మరియొక సంగతి: ఒక దృశ్యము కరగి మరియొక దృశ్యములోనికి పోవుచోట బొమ్మ తటాలున మెత్తబడి, మార్పు ముగిసిన తరువాత తేటపడును. అది కాలుటవలన గాని, డిస్కువలన గాని కాదు. ఆ దినములలో అట్టి మార్పులను ప్రయోగశాలలో నకలు తీసి చేసెడివారు. ఆ తునుక పుట్టుకతోనే నకలు. నేను దానిని గూడ మొదటి రాత్రి తప్పుల లెక్కలో వేసితిని. పరీక్షకాగితమైనచో ఆ పిల్లవాడు నా మీద తలిదండ్రులను తీసికొనివచ్చియుండును.

తప్పులో నా టెలివిజనుకును వంతున్నది. దుకాణములో పదిమందిని ఆకర్షించుటకు పెట్టిన మెరుపు ఇంటికి వచ్చిన తరువాతను అట్లే యుండెను. పదును ఎక్కువ, వెలుగు ఎక్కువ, కదలికను నున్నగా చేయు ఏర్పాటొకటి. ఆ యేర్పాటు లేని ఫ్రేములను కల్పించి ఉన్న ఫ్రేముల నడుమ చొప్పించును. సుబ్రత మిత్ర తీయని ఫ్రేములవి. మా గురువుగారు చూచిన నేమందురో ఊహించుకొని వెంటనే ఆపివేసితిని. పదునును తగ్గించి, 'ఫిల్మ్ మేకర్' అను పేరుగల అమరికను ఎన్నుకొంటిని. గదిలో దీపము ఆర్పితిని. రేణువులు చీమలవలె కాక ఎండలో తేలు సన్నని పొడివలె కనబడెను. అనగా నేను చీమలన్నవి సగము నా యింటి చీమలే.

వెలుగును గూర్చి ఈ కొత్త డిస్కులలో హెచ్.డి.ఆర్. అను పద్ధతి యొకటి కలదు. పాత సినిమాహాలు తెర మీది తెలుపు సుమారు 48 నిట్ల వెలుగు. నేటి టెలివిజనులు వేయి నిట్లను దాటగలవు. పాత చిత్రమునకు అంత వెలుగు ఎక్కించిన చిత్రకారుని ఉద్దేశము దాటిపోవును. 'అపరాజితో' లోని కాశీ యిల్లు కలకత్తా స్టూడియోలో కట్టినది. పైనుండి పడు మెత్తని పగటివెలుగును తెచ్చుటకు సుబ్రత మిత్ర పైన తెల్లని గుడ్డ పరచి, దీపముల కాంతిని దానిపైకి కొట్టించి క్రిందికి మరలించెను. నీడయే లేని ఆ వెలుగును చూచి అది నిజమైన యిల్లనియే అందరును భ్రమించిరి. అంత శ్రమపడి మెత్తబరచిన వెలుగును మనము మీట నొక్కి మండింపరాదు.

మనవారి 'మాయాబజారు' సంగతి కూడ ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చును. 1957 నాటి ఆ చిత్రమునకు 2010లో రంగులు వేసిరి. జనము సంతోషించిరి, నేనును చూచితిని, పిల్లలకు నచ్చినది. దానిని నేను నిందింపను. కాని అది వ్యాఖ్యానము, మూలము కాదు. మార్కస్ బార్ట్‌లీ ఆ వెన్నెలను తెలుపు నలుపులతో కురిపించెను. ఆ వెన్నెల ఎట్లుండెనో చూడవలెనన్న మూలము కావలెను. వ్యాఖ్యానమున్నదిగదా యని మూలమును చెదలకు వదలుట మనకు కొంత యలవాటు. 1932లో వచ్చిన మన తొలి మాటల చిత్రము 'భక్తప్రహ్లాద'ను చూడగోరువానికి నేడు ప్రతియే లేదు. దాని బొమ్మ బాగున్నదా లేదా యను చర్చకైనను మనకు యోగ్యత లేకపోయెను.

నేను సంఘసభ్యులను సమావేశపరచి జరిగినదంతయు చెప్పితిని. లెక్కల మాస్టారు నాకు పాత మిత్రుడు. ఆయన, "మీరు చుక్కలన్నారు గనుక మేము వద్దన్నాము. ఇప్పుడు చుక్కలే కావలెనంటున్నారు. పిల్లలకేమని చెప్పుదుము?" అనెను. నేనే చెప్పుదునంటిని.

తరువాతి ఆదివారము గ్రంథాలయమున కిటికీలకు దుప్పట్లు కట్టి, తెరకు ఇరుప్రక్కల నల్లని పట్టీలను అట్లే యుంచి, డిస్కు పెట్టితిమి. ముందుగా పిల్లలతో, పోయిన సంవత్సరము మీకు చూపిన బొమ్మ మంచిది కాదని, మంచిదని చెప్పిన తప్పు నాదని అంటిని. కాలిన ఫిల్ము కథ చెప్పితిని. వెనుకవరుసలో నొక పిల్లవాడు లేచి, "మాస్టారూ, కాలిపోయింది ఎక్కడో, మిగిలింది ఎక్కడో మాకు తెలుస్తుందా?" అని యడిగెను. జాగ్రత్తగా చూచిన కొంత తెలియును, నాకును అంతటను తెలియదంటిని.

చిత్రము నడుచుచుండ పిల్లలు తమలో తాము గుసగుసలాడుకొనుట వినబడెను. "ఇది కాలలేదు." "ఇది నకలు." సగము తప్పే చెప్పియుందురు. చెరువు ఘట్టము వచ్చినప్పుడు మా మనుమరాలు మొదటి వరుసలోనుండి వెనుకకు తిరిగి నా వైపు చూచెను. అపు దొంగిలించిన హారమును చెరువులోనికి విసరినప్పుడు పాచి విచ్చుకొని, అది మునిగిన పిమ్మట మెల్లగా మరల కమ్ముకొనును. నున్నని ప్రతిలో ఆ పాచి ఒక పచ్చడిముద్ద. ఈనాడు దాని ఆకు ఆకును విడివిడిగా కనబడెను. గుసగుసలు ఆగిపోయెను.

'అపరాజితో' వచ్చే నెల మొదటి ఆదివారము చూపుచున్నాము. దుప్పట్లు లెక్కల మాస్టారు తెచ్చెదనన్నారు.